కాపురం చెడితే అమెరికాలో నా స్టేటస్ ఏమవుతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

"నీ వీసా క్యాన్సిల్ చేయిస్తా, రేపే ఇండియా ఫ్లైట్ ఎక్కిస్తా." డాలస్ చుట్టుపక్కల తెలుగు ఆడవాళ్ల పక్కన కూర్చుని కాగితాలు సర్దిపెట్టడం మొదలుపెట్టినప్పటి నుంచి నేను ఎక్కువసార్లు విన్న మాట ఇదే. ఈ ఒక్క మాటకు భయపడి నెలల తరబడి నోరు మెదపకుండా ఉండిపోయినవాళ్లను చూశాను. అందులో నిజమెంత, బెదిరింపెంత అన్నది మీ చేతిలో ఉన్న కాగితాన్ని బట్టి ఉంటుంది. అది తెలుసుకోవడానికే ఈ పేజీ.

నేను లాయర్‌ని కాదు. లాయర్ దగ్గర ఏం అడగాలో తెలియని వాళ్లకు తోడు వెళ్లే మనిషిని. నా దగ్గరికి వచ్చేది ఎక్కువగా ఆడవాళ్లే కాబట్టి వాళ్లను ఉద్దేశించి రాశాను. భార్య మీద ఆధారపడి వచ్చిన భర్తకూ ఇవే నియమాలు వర్తిస్తాయి. ఇమిగ్రేషన్ నియమాలు తరచూ మారుతుంటాయి, అందుకని ఏ ఫారమైనా పంపే ముందు ఆ వారం నాటి నియమం ఏమిటో లాయర్‌తో సరిచూసుకోండి.

మా ఆయన నిజంగా నా వీసా క్యాన్సిల్ చేయించగలడా?

స్టేటస్ ఇచ్చేది, తీసేది ప్రభుత్వం. ఫోన్ చేసి మీ స్టేటస్ రద్దు చేయించే అధికారం ఏ భర్తకూ లేదు. అయితే ఆయన చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. మీరు హెచ్-4 (హెచ్-1బి ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్ల భార్యకో భర్తకో ఇచ్చే స్టేటస్) మీద ఉంటే, విడాకుల డిక్రీ, అంటే కోర్టు తుది తీర్పు, వచ్చిన రోజుతో మీ హెచ్-4 ముగుస్తుంది. ఆయన సిటిజన్ అయి, మీ గ్రీన్ కార్డు ఇంకా రాకపోతే, భార్యకు గ్రీన్ కార్డు ఇమ్మని మీ కోసం వేసిన ఐ-130 పిటిషన్‌ను వెనక్కి తీసుకోగలడు. మీకు రెండేళ్ల షరతుల కార్డు ఉంటే, ఆ షరతులు తీసేయమని ఇద్దరూ కలిసి వేయాల్సిన ఐ-751 ఫారం మీద సంతకం పెట్టనని మొండికేయగలడు. గ్రీన్ కార్డు ఒకసారి చేతికొచ్చాక మాత్రం ఆయన "వెనక్కి తీసుకుంటున్నాను" అని ఉత్తరం రాసినంత మాత్రాన అది పోదు.

ముందు ఏ కాగితం చూసుకోవాలి?

ఒకావిడ బట్టల షాపు కవర్లో తన కాగితాలన్నీ కుక్కుకుని మా ఇంటికి వచ్చింది. పాస్‌పోర్టు, పెళ్లి ఫొటోలు, కరెంటు బిల్లు, పిల్లవాడి టీకాల కార్డు అన్నీ అందులోనే ఉన్నాయి. ఆరు నెలలుగా తను హెచ్-4 మీదే ఉన్నానని అనుకుంటోంది. వంటింటి బల్ల మీద ఒక్కొక్కటీ పరిచి చూస్తుంటే అడుగున గ్రీన్ కార్డు కనబడింది. ఆయన కంపెనీ ద్వారా వచ్చిన కార్డు, పదేళ్ల గడువుది. కార్డు వచ్చిన రోజు ఆయన దాన్ని లాకర్లో పెట్టేశాడట, అదేమిటో ఈవిడకు ఎవరూ చెప్పలేదు. "ఇది నీ సొంతం, విడాకులైనా పోదు" అంటే నమ్మలేక నాలుగుసార్లు అడిగింది.

కాబట్టి ముందు కాగితం తీయండి. గ్రీన్ కార్డు ఉంటే దాని మీద కేటగిరీ అనే చోట చూడండి. సీఆర్1 లేదా సీఆర్6 అని ఉంటే అది రెండేళ్ల షరతుల కార్డు. ఐఆర్1, ఐఆర్6 అని ఉన్నా, ఇ అక్షరంతో మొదలయ్యే ఉద్యోగ కోటా కోడ్ ఉండి పదేళ్ల గడువు ఉన్నా, అది షరతులు లేని కార్డు. గ్రీన్ కార్డు లేకపోతే పాస్‌పోర్టులోని వీసా స్టాంపు దగ్గర ఆగిపోకండి. అది లోపలికి రావడానికే. ఇక్కడ ఎంతకాలం ఉండొచ్చో చెప్పేది ఐ-94. సరిహద్దు తనిఖీ శాఖ సీబీపీ వెబ్‌సైటులో పాస్‌పోర్టు నంబరు కొడితే మీ ఐ-94 మీరే తీసుకోవచ్చు, ఆయన్ని అడగక్కర్లేదు. ఇక్కడే ఎక్స్‌టెన్షన్ చేయించి ఉంటే కొత్త ఐ-94 ఆ అప్రూవల్ నోటీసు అడుగున ఉంటుంది.

హెచ్-4 మీద ఉన్నాను. ఇల్లు వదిలి వేరుగా ఉంటే స్టేటస్ పోతుందా?

పోదు. చట్టం దృష్టిలో మీరు ఇంకా భార్యాభర్తలే. ఆయన హెచ్-1బి నిలబడినంత కాలం, మీ ఐ-94 గడువు ఉన్నంత కాలం, వేరే ఇంట్లో ఉన్నా మీ హెచ్-4 నిలుస్తుంది. హెచ్-4 మీద తీసుకున్న ఈఏడీ (వర్క్ పర్మిట్) కూడా అంతే.

చిక్కు ఎక్స్‌టెన్షన్ దగ్గర వస్తుంది. దానికి ఆయన అప్రూవల్ నోటీసు, పేస్టబ్‌లు (జీతం స్లిప్పులు) కావాలి. వేరుపడ్డాక అవి ఇచ్చే భర్తలు తక్కువే. ఇంకా ఒకే ఇంట్లో ఉంటే, వాటి ఫొటోలు ఇవాళే తీసి మీకు మాత్రమే పాస్‌వర్డ్ తెలిసిన మెయిల్‌కు పంపుకోండి.

డిక్రీ వచ్చాక 60 రోజుల గడువు ఉంటుందట కదా?

ఈ మాట వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతూనే ఉంటుంది, నమ్మినవాళ్లు నష్టపోతున్నారు. ఆ 60 రోజులు హెచ్-1బి ఉద్యోగి ఉద్యోగం పోయినప్పుడు ఆ ఉద్యోగికి, అతని మీద ఆధారపడ్డవాళ్లకు ఇచ్చేవి. విడాకులకు అలాంటి గడువేమీ లేదు. జడ్జి సంతకం పెట్టి డిక్రీ ఖాయమైన రోజుతో హెచ్-4 అయిపోతుంది, దాని మీది ఈఏడీతో ఉద్యోగం చేసే హక్కూ ఆ రోజుతోనే పోతుంది.

ఇక్కడ ఒక తేడా గుర్తుపెట్టుకోండి. స్టేటస్ పోవడం ఒకటి, చట్టవిరుద్ధంగా ఉంటున్న రోజుల లెక్క ఇంకొకటి. ఐ-94 మీద తేదీ ఇంకా మిగిలి ఉంటే ఆ రెండో లెక్క మామూలుగా ఆ తేదీ దాటాకే మొదలవుతుంది. ఆ లెక్క 180 రోజులు దాటాక దేశం విడిచి వెళ్తే మూడేళ్లు, ఏడాది దాటాక వెళ్తే పదేళ్లు తిరిగి రాకుండా నిషేధం పడుతుంది. డిక్రీ వచ్చేసిందని కంగారులో టికెట్ కొనేవాళ్లకూ, ఏం కాదులే అని ఏడాదిన్నర కూర్చునేవాళ్లకూ ఇద్దరికీ ఈ తేడా తెలియాలి.

మరి డిక్రీకి ముందు నేనేం చేయాలి?

నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే ప్రశ్న ఇది. హెచ్-4 మీద ఉన్నవాళ్లకు కేసు వేసిన రోజుకూ డిక్రీ వచ్చే రోజుకూ మధ్య ఉన్న కాలమే ఆస్తి. ఆ కాలంలో మీ సొంత స్టేటస్‌కు మారాలి, లేదా కనీసం దరఖాస్తు దాఖలు చేసి ఉండాలి.

చాలామంది వెళ్లే దారి ఎఫ్-1, అంటే విద్యార్థి స్టేటస్. కాలేజీలో సీటు, ఆ కాలేజీ ఇచ్చే ఐ-20 పత్రం, ఫీజుకూ ఖర్చుకూ డబ్బుందని చూపే బ్యాంకు కాగితాలు కావాలి. ఆ డబ్బు విజయవాడలో నాన్న ఫిక్స్‌డ్ డిపాజిట్ అయినా, ఒహాయోలో బాబాయి జీతమైనా ఫరవాలేదు, వాళ్లు భరిస్తామని రాసివ్వాలి. స్టేటస్ మార్చమని అడిగే ఐ-539 ఫారం మీరు ఇంకా హెచ్-4లో ఉండగానే చేరాలి. చదువయ్యాక ఏడాది ఓపీటీ (చదివిన రంగంలో పనిచేసే అనుమతి) మీద, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కలు) కోర్సు అయితే ఇంకో 24 నెలలు పనిచేయొచ్చు. ఒక హెచ్చరిక: మొదటిరోజు నుంచే ఉద్యోగం చేసుకోవచ్చని ఆశ పెట్టే కాలేజీల జోలికి ఈ పరిస్థితిలో వెళ్లకండి. అసలే బలహీనంగా ఉన్న ఫైలు మీద ఇంకో అనుమానం చేరుతుంది.

ఇప్పటికే ఈఏడీ మీద మంచి ఉద్యోగం చేస్తుంటే మీ మేనేజర్‌తో సిగ్గుపడకుండా హెచ్-1బి గురించి మాట్లాడండి. లాటరీ రిజిస్ట్రేషన్ మార్చిలో, ఉద్యోగం మొదలయ్యేది అక్టోబరు 1న. ఏటా ఇచ్చే వీసాలు 65,000, అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్లకు ఇంకో 20,000. పెళ్లికి ముందు మీరే హెచ్-1బి మీద పనిచేసి, తర్వాత హెచ్-4కు మారినవాళ్లయితే హెచ్-1బికి ఉండే ఆరేళ్ల పరిమితిలో మీకు మిగిలిన కాలానికి మళ్లీ లాటరీ అక్కర్లేకపోవచ్చు. హెచ్-4 మీద గడిపిన ఏళ్లు ఆ ఆరేళ్లలోకి రావు. పిల్లల కోసం ఉద్యోగం మానేసిన ఎంతోమందికి ఈ సంగతే తెలియదు. పాత హెచ్-1బి అప్రూవల్ నోటీసు వెతకండి.

ఇవేవీ కుదరకపోతే, కోర్టు పనులు ముగించుకోవడానికి కొన్ని నెలలు కావాలని బి-2 (సందర్శకుల) స్టేటస్‌కు మారే దరఖాస్తు వేయొచ్చు. దాని మీద పని చేయకూడదు. ఊపిరి తీసుకోవడానికి మాత్రం చాలు.

విడాకులు ఎన్నాళ్లకు వస్తాయి? నా స్టేటస్ కోసం కాస్త ఆలస్యం చేయొచ్చా?

రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. టెక్సస్‌లో కేసు వేయాలంటే ఇద్దరిలో ఒకరు ఆరు నెలలుగా రాష్ట్రంలో, 90 రోజులుగా ఆ కౌంటీలో ఉండాలి. వేశాక 60 రోజులు ఆగాలి, అంటే గొడవ లేకపోతే రెండు నెలల్లో అయిపోవచ్చు. కాలిఫోర్నియాలో నోటీసు అందిన దగ్గర్నుంచి కనీసం ఆరు నెలలు. నార్త్ కరోలినాలో ముందు ఏడాది పాటు వేరువేరుగా ఉండాలి. టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉండే అమ్మాయికీ నార్త్ కరోలినాలోని షార్లెట్‌లో ఉండే అమ్మాయికీ చేతిలో ఉన్న సమయం ఒకటి కాదన్నమాట.

స్టేటస్ మార్పు దరఖాస్తు చేరేదాకా డిక్రీ తేదీ వెనక్కి జరపమని మీ ఫ్యామిలీ లాయర్ ద్వారా అడగడంలో తప్పు లేదు. కొందరు భర్తలు ఒప్పుకుంటారు కూడా. బాధ ఏమిటంటే, ఫ్యామిలీ లాయర్లలో చాలామందికి ఇమిగ్రేషన్ తెలియదు, త్వరగా ముగిస్తే మేలు చేసినట్టనుకుంటారు. నాకు తెలిసిన ఒకమ్మాయికి అలాగే మూడు నెలల్లో డిక్రీ తెచ్చి అభినందనలు చెప్పారు. ఎఫ్-1 దరఖాస్తు ఇంకా ఆమె బ్యాగులోనే ఉంది. ఇద్దరు లాయర్లనూ ఒక్కసారైనా ఫోన్లో మాట్లాడించండి.

మా గ్రీన్ కార్డు ఫైలు నడుస్తోంది. గ్రీన్ కార్డు దరఖాస్తు ఐ-485 వేసి ఉన్నాం.

ఆయన కంపెనీ ద్వారా వేసిన ఫైలులో మీరు భార్యగా చేరి ఉంటే, అప్రూవల్‌కు ముందు విడాకులైతే మీ దరఖాస్తు నిలబడదు. అప్రూవల్ తర్వాత ఒక్కరోజుకు విడాకులైనా ఆ కార్డు మీదే. ఒక్కో దేశానికి ఏడు శాతం పరిమితి వల్ల ఇండియా లైను ఏళ్ల తరబడి సాగుతోంది. ఆ లైన్లో పదేళ్లు వేచి ఉండి, చివర్లో వేరుపడేవాళ్ల బాధ నేను దగ్గరగా చూశాను. ప్రయారిటీ డేట్ (లైన్లో మీ స్థానం చెప్పే తేదీ) దగ్గరపడిందంటే విడాకుల కాగితం ఎప్పుడు వేయాలన్నది డబ్బు పంపకాలకంటే పెద్ద ప్రశ్న. కాపురం అయిపోయి, కార్డు కోసం పైకి నటించడం మాత్రం వేరే సంగతి. ఇంటర్వ్యూలో అబద్ధం చెబితే జీవితాంతం వెంటాడుతుంది. మీ పేరు మీద మీ కంపెనీ ఉద్యోగ కోటా పిటిషన్ ఐ-140 వేయగలదేమో కూడా కనుక్కోండి.

నాది రెండేళ్ల కార్డు. ఐ-751 మీద ఆయన సంతకం పెట్టనంటున్నాడు.

సంతకం పెట్టకపోయినా దారి ఉంది. దొంగ పెళ్లిళ్లను అరికట్టడానికి 1986లో వచ్చిన చట్టంతో ఈ రెండేళ్ల షరతు మొదలైంది. కార్డు వచ్చిన రోజుకు పెళ్లై రెండేళ్లు నిండకపోతే షరతుల కార్డు ఇస్తారు. గడువు ముగిసే ముందు 90 రోజుల్లో ఇద్దరూ కలిసి ఐ-751 వేయాలి. కలిసి వేయలేనివాళ్లకు అదే ఫారంలో మినహాయింపులు ఉన్నాయి. నిజాయితీగా చేసుకున్న పెళ్లే, కానీ విడాకులయ్యాయి అనేది ఒకటి. కొట్టడమో, తీవ్రమైన క్రూరత్వమో జరిగింది అనేది ఇంకొకటి. వెనక్కి పంపితే తట్టుకోలేనంత కష్టం అనేది మరొకటి. భర్త చనిపోయినవాళ్లకు వేరే మినహాయింపు ఉంది. ఒకటి కంటే ఎక్కువ కారణాలకు టిక్ పెట్టొచ్చు.

మినహాయింపు కోరేవాళ్లు ఆ 90 రోజుల కిటికీ కోసం ఆగక్కర్లేదు, ముందూ వేయొచ్చు, ఆలస్యంగానూ వేయొచ్చు. క్రూరత్వం కారణంగా వేస్తే విడాకులు కూడా అయి ఉండనక్కర్లేదు. దాఖలు చేశాక వచ్చే రసీదు కార్డు గడువును 48 నెలలు పొడిగిస్తుంది. ఆ రసీదూ పాత కార్డూ కలిపి ఉద్యోగానికీ ప్రయాణానికీ పనికొస్తాయి.

ఇద్దరూ కలిసి వేసిన తర్వాత విడిపోతే, కొత్త ఫారం అక్కర్లేదు. డిక్రీ కాపీ పెట్టి, దీన్ని మినహాయింపు దరఖాస్తుగా మార్చమని ఉత్తరం రాయాలి.

కార్డు గడువు వచ్చే నెలలో అయిపోతోంది, డిక్రీ ఇంకా రాలేదు.

కార్డును ఊరికే ముగిసిపోనివ్వకండి, ఏమీ వేయకపోతే రెండేళ్లు నిండిన రోజున స్టేటస్ తనంతట తానే పోతుంది. విడాకుల కేసు నడుస్తోందని రుజువు పెట్టి మినహాయింపు కింద దాఖలు చేస్తే, మామూలుగా యూఎస్‌సీఐఎస్ (ఇమిగ్రేషన్ దరఖాస్తులు చూసే ప్రభుత్వ శాఖ) డిక్రీ పంపమని నోటీసు ఇచ్చి 87 రోజుల గడువిస్తుంది. ఆ 87 రోజుల్లో డిక్రీ వచ్చేలా మీ ఫ్యామిలీ లాయర్ జడ్జిని అడగాలి. హెచ్-4 వాళ్లకు డిక్రీ ఆలస్యం కావడం మేలు, మీకు తొందరగా రావడం మేలు. పక్కింటావిడ సలహా మీకెందుకు పనికిరాదో దీన్ని బట్టే తెలుస్తుంది.

తిరస్కరిస్తే కథ అక్కడితో ఆగదు. ఇమిగ్రేషన్ కోర్టుకు రమ్మని నోటీసు వస్తుంది, ఆ జడ్జి ముందు మళ్లీ అన్నీ చూపించుకోవచ్చు.

నిజమైన పెళ్లే అని ఏం చూపించాలి? మాది పెద్దలు కుదిర్చిన పెళ్లి, 15 రోజుల్లో అయిపోయింది.

పెద్దలు కుదిర్చారన్నది తప్పు కాదు, అధికారులకు అదేమిటో తెలుసు. మీరిద్దరూ కలిసి బతకాలనే ఉద్దేశంతోనే పెళ్లి చేసుకున్నారని కాగితాలు చెప్పాలి. ఇద్దరి పేర్ల మీద లీజు, బ్యాంకు ఖాతా, కలిపి వేసిన ట్యాక్సులు, కారు ఇన్సూరెన్సు, ఇన్సూరెన్సు నామినీగా మీ పేరు ఇవన్నీ గట్టి ఆధారాలు. మన ఇళ్లలో ఉండే చిక్కు ఏమిటంటే ఖాతా, లీజు, కారు అన్నీ మగాడి పేరు మీదే ఉంటాయి. అప్పుడు మీ పేరుతో ఆ అడ్రసుకు వచ్చిన ప్రతి ఉత్తరమూ పనికొస్తుంది. కాస్ట్‌కో కార్డు, డాక్టర్ దగ్గర అత్యవసర కాంటాక్టుగా రాసిన పేరు, ఇద్దరూ కలిసి గుడిలో చేయించిన పూజ రసీదు కూడా.

శుభలేఖ తప్పకుండా పెట్టండి. వధూవరుల పేర్లు, తల్లిదండ్రుల పేర్లు, ముహూర్తం, కల్యాణ మండపం అడ్రసు అన్నీ ఒకే అట్ట మీద ఉంటాయి. తెలుగులో ఉంటే పూర్తిగా ఇంగ్లీషులోకి అనువాదం చేసి, తనకు రెండు భాషలూ వచ్చని, అనువాదం సరైనదని చేసినవాళ్లు సంతకం పెట్టాలి. ఒకసారి ఒక శుభలేఖ అనువదిస్తుంటే "జ్యేష్ఠ పుత్రిక" దగ్గర ఆ అమ్మాయి ఆగిపోయింది. పెద్దకూతురని నాన్న ఎంత ముచ్చటగా వేయించాడో తలుచుకుని కాసేపు మాట్లాడలేకపోయింది. అందుకని ఈ పని ఒంటరిగా చేయకండి. ఎవరినైనా పక్కన కూర్చోబెట్టుకోండి.

పెళ్లి ఎలా మొదలైంది, ఎక్కడ చెడింది, మీ మాటల్లో రాసిన వాంగ్మూలం కూడా ఉండాలి. చెడిన తర్వాతి మెసేజ్‌లు చెరిపేయొద్దు. కౌన్సిలింగ్‌కు వెళ్లిన బిల్లు ఉంటే అది కాపురం నిలబెట్టుకోవాలని చూశారనడానికి సాక్ష్యం.

ఆయన చేయి చేసుకుంటాడు. నాకేమైనా రక్షణ ఉందా?

ప్రాణభయం ఉంటే ముందు 911. జాతీయ గృహహింస హాట్‌లైన్ 1-800-799-7233, ఎప్పుడైనా చేయొచ్చు, దుబాసీ కావాలని అడగొచ్చు.

ఇమిగ్రేషన్ పరంగా, భర్త సిటిజన్ లేదా గ్రీన్ కార్డుదారుడైతే 1994లో వచ్చిన వావా (ఆడవాళ్ల మీద హింసను అరికట్టే) చట్టం కింద గ్రీన్ కార్డుకు దారి తీసే ఐ-360 పిటిషన్ మీ అంతట మీరే వేయొచ్చు. ఆయన సంతకం అక్కర్లేదు, ఆయనకు తెలియనక్కర్లేదు, ఫీజు లేదు. విడాకులైపోయినా, హింసకూ విడాకులకూ సంబంధం ఉంటే రెండేళ్లలోపు వేయొచ్చు. అప్రూవ్ అయ్యేదాకా మళ్లీ పెళ్లి చేసుకోకూడదు.

భర్త హెచ్-1బి అయితే ఈ ఐ-360 మీకు వర్తించదు. మనవాళ్లలో ఎక్కువమంది ఉన్నది ఈ చోటే, వాళ్లకు ఉన్న రక్షణ తక్కువ. ఇది చట్టంలోని పెద్ద లోటని నా గట్టి అభిప్రాయం. ఐ-765వి అనే ఫారం ద్వారా హింసకు గురైన హెచ్-4 భార్య తన సొంత వర్క్ పర్మిట్ అడగొచ్చు. అది పనిచేసుకోనిస్తుంది గానీ స్టేటస్ ఇవ్వదు. జరిగింది నేరమై, మీరు పోలీసులకు సహకరిస్తే నేర బాధితులకిచ్చే యూ వీసాకు అర్హత రావచ్చు. దానికి పోలీసులో, ప్రాసిక్యూటరో సంతకం చేసిన ధ్రువపత్రం కావాలి. ఏటా 10,000 మాత్రమే ఇస్తారు కాబట్టి లైను చాలా పొడుగు. అయితే 2021 నుంచి, నిజాయితీ దరఖాస్తు అని తేలినవాళ్లకు వేచి ఉండే కాలంలో వర్క్ పర్మిట్ ఇచ్చే పద్ధతి ఉంది. యూ వీసా వచ్చాక మూడేళ్లకు గ్రీన్ కార్డుకు వెళ్లొచ్చు.

కొట్టలేదు. కానీ డబ్బులివ్వడు, ఫోన్ లాక్కుంటాడు, బయటికి వెళ్లనివ్వడు. ఇది హింసేనా?

అవును. చట్టంలో కొట్టడమే కాదు, తీవ్రమైన క్రూరత్వం అనే మాట కూడా ఉంది. పాస్‌పోర్టు దాచడం, తల్లిదండ్రులతో మాట్లాడనివ్వకపోవడం, రోజూ డిపోర్ట్ చేయిస్తానని బెదిరించడం, కట్నం బాకీ తెమ్మని అవమానించడం వీటన్నిటినీ కలిపి చూస్తారు. తేదీలతో రాసుకోండి. "ఎప్పుడూ తిడతాడు" అన్న వాక్యం కంటే "ఉగాది రోజు మా అమ్మకు ఫోన్ చేశానని ఫోన్ గోడకేసి కొట్టాడు" అన్న వాక్యం అధికారికి ఎక్కువ చెబుతుంది.

నేను దరఖాస్తు వేస్తే వాళ్లు ఆయనకు చెప్పేస్తారా?

వావా, యూ వీసా, ఐ-765వి లాంటి దరఖాస్తుల వివరాలు బయటపెట్టకుండా ఫెడరల్ చట్టమే అడ్డుకుంటుంది. అంతేకాదు, కేవలం ఆయన చెప్పిన మాట ఆధారంగా మీకు వ్యతిరేకంగా నిర్ణయం తీసుకోకూడదు. ఉత్తరాలు మాత్రం క్షేమమైన అడ్రసుకు వచ్చేలా చూసుకోండి.

పోలీసులను పిలిస్తే ఆయన ఉద్యోగం పోతుంది, పరువు పోతుంది అంటున్నారు మా అత్తగారు.

కేసు ఆయన వీసా మీద ప్రభావం చూపవచ్చు, అది నిజమే. ఆయన ఉద్యోగం పోతే మీ హెచ్-4 కూడా కదులుతుంది. ఇది తెలిసే నిర్ణయం తీసుకోవాలి. కానీ ఆ బరువు దెబ్బలు తిన్న మనిషి నెత్తిన పెట్టడం అన్యాయం. సర్దుకుపొమ్మని చెప్పే పెద్దలు ఎవరూ ఆ రాత్రి మీ ఇంట్లో ఉండరు.

దక్షిణాసియా ఆడవాళ్ల కోసమే పనిచేసే సంస్థలు ఇక్కడ ఉన్నాయి. న్యూజెర్సీలో మానవి 1985 నుంచి, న్యూయార్క్‌లో సఖి 1989 నుంచి, బే ఏరియాలో మైత్రి 1991 నుంచి, హ్యూస్టన్‌లో దయ 1996 నుంచి పనిచేస్తున్నాయి. డాలస్‌లో చేతన, అట్లాంటాలో రక్ష ఉన్నాయి. అత్తగారు ఎందుకు అలా అన్నారో వీళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు.

పండక్కని ఇండియా తీసుకొచ్చి, నా పాస్‌పోర్టు తీసుకుని ఆయనొక్కడే వెళ్లిపోయాడు.

ముందు దగ్గరి పోలీస్ స్టేషన్లో పాస్‌పోర్టు విషయం ఫిర్యాదు చేసి కాపీ తీసుకోండి, కొత్త పాస్‌పోర్టుకు అది కావాలి. తెలంగాణలో మహిళా భద్రతా విభాగంలో ఎన్నారై సెల్ ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో ప్రవాసాంధ్రుల కోసం ఉన్న ఏపీఎన్‌ఆర్‌టీ సొసైటీ దారి చూపుతుంది. జాతీయ మహిళా కమిషన్‌లోనూ ఎన్నారై సెల్ ఉంది. క్రూరత్వం కేసు 2024 జులై 1 తర్వాతి ఘటనలకు భారతీయ న్యాయ సంహిత 85వ సెక్షన్ కింద, అంతకుముందువి పాత ఐపీసీ 498-ఏ కింద వస్తాయి. కేసు నుంచి తప్పించుకుంటున్న వ్యక్తి పాస్‌పోర్టును స్వాధీనం చేసుకునే అధికారం పాస్‌పోర్టుల చట్టంలో ఉంది.

గ్రీన్ కార్డు ఉండి అది ఆయన దగ్గర చిక్కుకుంటే, బయటికొచ్చి ఏడాది దాటకముందే అమెరికన్ కాన్సులేట్ ద్వారా ఐ-131ఏ వేసి తిరిగి ప్రయాణించే పత్రం అడగొచ్చు. ఏడాది దాటితే పని చాలా కష్టమవుతుంది, అందుకని పెద్దమనుషుల పంచాయతీ పేరుతో నెలలు పోగొట్టుకోకండి. హింస అమెరికాలో జరిగి ఉంటే ఇండియా నుంచి కూడా ఐ-360 వేయొచ్చు.

అమెరికా కోర్టు నుంచి విడాకుల నోటీసు వస్తే చించి పారేయకండి. జవాబివ్వకపోతే ఏకపక్షంగా తీర్పిచ్చేస్తారు. వీడియోలో హాజరవుతానని అడగొచ్చు. అలా హాజరయ్యే ముందే ఇండియా లాయర్‌ను కూడా సంప్రదించండి, ఎందుకంటే 1975లో తిరుపతిలో జరిగిన ఒక హిందూ పెళ్లి గురించి సుప్రీంకోర్టు 1991లో ఒక ముఖ్యమైన తీర్పిచ్చింది. భర్త మిస్సోరి రాష్ట్రంలో తెచ్చుకున్న విడాకులు చెల్లవంది. భార్య ఆ కోర్టు అధికారాన్ని ఒప్పుకోలేదు, అక్కడ చూపిన కారణం హిందూ వివాహ చట్టంలో లేదు. మీరు ఏ మాటతో, ఏ అభ్యంతరంతో హాజరవుతారన్నది ఇండియాలో మీ హక్కులను మార్చేస్తుంది.

పిల్లల్ని తీసుకుని ఇండియా వెళ్లిపోవచ్చా?

తండ్రి రాతపూర్వక అనుమతో, కోర్టు ఉత్తర్వో లేకుండా వద్దు. అమెరికాలో పిల్లల్ని దాటించడం ఫెడరల్ నేరం కావచ్చు. పిల్లల అపహరణ మీద హేగ్ ఒప్పందంలో ఇండియా లేదు కాబట్టి ఇక్కడి కోర్టులు ఇంకా అనుమానంగా చూస్తాయి. హెచ్-4 మీద ఉన్న పిల్లల స్టేటస్ తండ్రి వల్ల వచ్చిందే, మీ విడాకులతో పోదు.

పదేళ్ల కార్డు ఉంది. విడాకుల వల్ల నాకేం తేడా వస్తుంది?

కార్డుకు ఏమీ కాదు. సిటిజన్ భర్తతో కలిసి ఉంటే మూడేళ్లకే సిటిజన్‌షిప్‌కు వెళ్లే వెసులుబాటు పోతుంది, ఐదేళ్లు ఆగాలి. హింస కారణంగా కార్డు పొందినవాళ్లకు మూడేళ్ల దారి ఉండొచ్చు. కార్డు వచ్చిన ఐదేళ్లలోపు మళ్లీ పెళ్లి చేసుకుని కొత్త భర్తకు పిటిషన్ వేయాలంటే, మొదటి పెళ్లి నిజమైనదేనని గట్టి రుజువు అడుగుతారు. కాబట్టి మొదటి పెళ్లి శుభలేఖా, ఫొటోలూ కోపంలో కాల్చేయకండి.

మీ కార్డు కోసం ఆయన ఐ-864 మీద సంతకం పెట్టి ఉంటే, పేదరిక రేఖకు 125 శాతం స్థాయిలో మిమ్మల్ని పోషిస్తానన్న ఆ మాట విడాకులతో ముగియదు. మీరు సిటిజన్ అయ్యేదాకా, లేదా 40 క్వార్టర్ల (సుమారు పదేళ్ల) పని లెక్క పూర్తయ్యేదాకా అది నిలిచే ఉంటుంది. విడాకుల లాయర్‌కు ఈ కాగితం చూపించండి.

ఆయన కంపెనీ లాయర్ మంచివాడు, ఆయన్నే అడగొచ్చా?

వద్దు. ఆ లాయర్ కంపెనీకి, మీ ఆయనకు పనిచేసే మనిషి. మీరు చెప్పిన మాట అటు వెళ్లవచ్చు. ఇమిగ్రేషన్‌కు మీ సొంత లాయర్ కావాలి. డబ్బు లేకపోతే పైన చెప్పిన సంస్థలు ఉచిత లాయర్లను చూపిస్తాయి. పాత ఫైలు కాపీలు ఆయన ఇవ్వకపోతే, సమాచార హక్కు దరఖాస్తు వేసి యూఎస్‌సీఐఎస్ నుంచే మీ ఫైలు తెప్పించుకోవచ్చు.

మొదటిసారి లాయర్‌ని కలిసేటప్పుడు ఏం సిద్ధం చేసుకోవాలి?

ఇల్లు మారి ఉంటే పది రోజుల్లో అడ్రసు మార్పు ఫారం ఏఆర్-11 ద్వారా కొత్త అడ్రసు ఇవ్వండి, లేకపోతే మీ ఉత్తరాలన్నీ ఆయన డబ్బాలో పడతాయి. మెయిల్, బ్యాంకు, ఫోను పాస్‌వర్డులు మార్చండి. లాయర్‌తో మీకు దొరికేది గంట. కూర్చోగానే కాపురం కథ అంతా చెప్పాలనిపిస్తుంది, ఏడుపూ వస్తుంది, ఫరవాలేదు. ఒక తెల్ల కాగితం మీద ముందే ఇవి రాసుకుని వెళ్లండి: పెళ్లి తేదీ, అమెరికాకు వచ్చిన తేదీ, ఐ-94 ముగిసే తేదీ, కార్డు మీద కోడ్, వేరుపడిన తేదీ, కోర్టులో కేసు వేశారా లేదా, వేస్తే తదుపరి వాయిదా ఎప్పుడు. ఆ కాగితం ముందు చేతికివ్వండి, మిగతాది వాళ్లే అడుగుతారు.